ఆత్మారాం నాలుక

బోధన్‌లో పెళ్లి వంట ఆత్మారాం చేతిలో పెడితే ఇక ఉప్పు గురించి ఎవరూ దిగులు పడనక్కర్లేదు. కూర చుక్క అరచేతిలో వేసుకుని నాకుతాడు, కళ్లు మూసుకుంటాడు, "ఇంకో పిడికెడు" అంటాడు. అంతే. ఆ గర్వం ఇంటికి కూడా వెంట వచ్చేది. పాతికేళ్లుగా భార్య వంటకు వంక పెట్టకుండా ఆయనకు ముద్ద దిగలేదు.

"నా చేతి బువ్వంటేనే నీకు అరుగది," అని బీడీల చాట ముందు కూర్చుని సుమిత్రమ్మ సణిగేది.

ఆయనకు హెచ్ఐవీ ఉందని పదేళ్ల కిందట తెలిసింది. ఊళ్లో ఆమెకు తప్ప ఎవరికీ ఆ సంగతి తెలియదు. నిజామాబాద్ ఆసుపత్రిలో ఇచ్చే మాత్ర రోజుకొకటి వేసుకుంటూ మనిషి దుక్కలా ఉన్నాడు.

ఈ వేసవి పెళ్లిళ్ల జోరులో నోరు మండుతోందన్నాడు. నాలుక మీద తెల్లటి పొర. పాన్‌లో సున్నం ఎక్కువైందని వైద్యుడిలా తనే తేల్చి, పాన్ మానేసి తేనె రాశాడు. పొర పోలేదు.

ఒకనాడు రుద్రూర్ పెళ్లి నుంచి అలవాటుగా డబ్బాలో మటన్ తెచ్చాడు. సుమిత్రమ్మ ఒక ముద్ద తిని ఆగిపోయింది. ఉప్పు లేదు. ఆత్మారాం కూరలో ఉప్పు లేదు! మరునాడు కావాలనే చప్పిడి పప్పు వడ్డించింది. ఆయన కష్టంగా రెండు ముద్దలు మింగి, "మంచిగనే ఉంది" అన్నాడు.

పాతికేళ్లలో అదే మొదటి మెప్పు. ఆ నాలుకకు ఉప్పు తెలియడం లేదని సుమిత్రమ్మకు రూఢి అయింది. చెయ్యి కడగనిచ్చి ఆయన్ని నిజామాబాద్ బస్సెక్కించి తనూ ఎక్కింది.

డాక్టర్ షాజియా టార్చి వేసి నోరు చూసింది.

"సున్నం గాదు, ఫంగస్. అందరి నోట్లె జరంత ఉంటది. ఒంట్ల బలం తగ్గితే గిట్ల పెరుగుతది. మింగుతుంటే నొస్తుందంటే గొంతుల గూడ దిగినట్టుంది. రోజు గోలి ఏస్కుంటున్నరా?"

"ఒక్కరోజు గూడ తప్పలె మేడం," అన్నాడు ఆత్మారాం, గోడ మీది క్యాలెండర్ వంక చూస్తూ.

సుమిత్రమ్మ సంచిలోంచి మాత్రల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. ఈపాటికి ఖాళీ కావలసిన డబ్బా గలగలమంది.

ఆయన తల వంచుకున్నాడు. "పెండ్లిళ్ల కాడ ఎవలన్న సూస్తరని ఇంట్లనే ఇడిసి పోయిన. ఎరుకైతే నా చేతి వంట ఎవలు తింటరు మేడం?"

"వంటతోని ఎవ్వలికీ అంటదు. గోలి మానితే మాత్రం వండనీకె మీరే ఉండరు."

సుమిత్రమ్మ ఆ మాటకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫంగస్‌కు వేరే మాత్రలిచ్చారు, పాత మాత్ర మళ్లీ మొదలైంది. ఆ డబ్బాను వంట సంచిలో ఏలకుల పక్కన ఆమే సర్దింది. రోజూ కాసింత చప్పిడి పప్పు వడ్డించి ఆయన మొహం చూసేది. ఆయన నోరు మెదపకుండా తినేవాడు. ఆమె భయం రోజురోజుకూ పెరిగింది.

తొమ్మిదో రోజు ఆయన కంచం పక్కకు నెట్టాడు.

"ఏందే ఇది? ఉప్పేసుడు మరిసినవా? ఇన్నేండ్లాయె, నీకు వంటనే రాదు!"

సుమిత్రమ్మ కళ్లు తుడుచుకుని, ఉప్పు డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఇంకోపాలి అను," అంది.