హాల్కొంబ్‌కు దక్కని ఇల్లు

అమెరికాలోని మెంఫిస్‌లో వెర్లీన్ బాగన్‌ను ఎరిగినవాళ్ళు ఆమె వంటనూ నోటినీ కలిపే తలుచుకుంటారు. స్కూలు క్యాంటీన్‌లో ఏళ్ళ తరబడి వండి పెట్టిన మనిషి. పళ్ళెంలో తిండి వదిలేస్తే పిల్లాణ్ణీ వదిలేది కాదు, హెడ్‌మాస్టర్నీ వదిలేది కాదు. అలాంటిది, కన్నతల్లిని పొట్టన పెట్టుకున్నవాణ్ణి ఊరికే వదులుతుందా?

తల్లి పేరు ఒడెస్సా టాలివర్. డ్వైట్ హాల్కొంబ్ అనే ఆసామి ఇంట్లో అద్దెకుండేది. పెరటి మెట్లు పుచ్చిపోయాయి, బాగుచేయించండి మహాప్రభో అని ఆమె అడగని నెల లేదు. "మెట్లు గట్టిగానే ఉన్నాయి, నువ్వే లావెక్కావు" అన్నాడా పెద్దమనిషి ఫోన్లో. ఆ మెట్టే విరిగింది. తుంటి ఎముక విరిగి మంచాన పడిన ఒడెస్సా మళ్ళీ లేవలేదు. ఆమెను పూడ్చిపెట్టిన వారంలోనే, ఇల్లు ఖాళీ చేయమని తలుపుకు కాగితం అంటించారు. పెళ్ళయి వేరే పేటలో ఉన్న వెర్లీన్ వచ్చి అమ్మ బట్టలు సంచుల్లో కుక్కుకుని పోయింది. ఏడవలేదు. పళ్ళు కొరుక్కుంది.

చాలా ఏళ్ళకు పిన్నమ్మ పోతూ పోతూ కూపర్-యంగ్ పేటలోని తన ఇటుకల ఇల్లు వెర్లీన్‌కు రాసిచ్చింది. ఈలోగా ఆ పేటకు ఎక్కడలేని గిరాకీ వచ్చిపడింది. ఇల్లు అమ్ముతారా అంటూ ఒక ఆదివారం వరండా మెట్లెక్కి వచ్చినవాడు ఎవరో కాదు, సాక్షాత్తూ హాల్కొంబ్. ఆమె చూడగానే గుర్తుపట్టింది. బాగన్ అనే పేరు విని అతనికి ఏమీ తట్టలేదు. అద్దెకున్నవాళ్ళ కూతుళ్ళ మొహాలు ఎవడు గుర్తుపెట్టుకుంటాడు?

కూర్చోమంది. చల్లటి తీపి టీ పోసింది. వినేవాళ్ళు దొరికితే ఆగే రకం కాదతను.

"ఇల్లు కొనడంలో లేదు వెర్లీన్, అది అరగడంలో ఉంది మజా" అన్నాడు. "అద్దె ఏటా పెంచుతానా? ఇల్లు మాత్రం ఏటా అరిగిపోతోందని పన్ను కాగితాల్లో చూపిస్తా. గవర్నమెంటే చూపించుకోమంది మరి! అరిగిన మేరకు అద్దె మీద పన్నుండదు. నేల అరగదంట, దానికి మాత్రం ఇవ్వరు పిసినారులు."

"మరి రిపేర్లు చేయిస్తేనో?"

"అవీ పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు. మేకు కొట్టించినా సరే."

"అంటే మెట్టు విరిగితే బాగుచేయించడానికి మీకు పెద్ద బరువేం కాదన్నమాట."

"ఏం బరువు? కొంత గవర్నమెంటు మోసినట్టే. కానీ ఒకటి చేయిస్తే పది అడుగుతారమ్మా అద్దెవాళ్ళు. నెత్తికెక్కించుకోకూడదు."

వెర్లీన్ అతని గ్లాసు మళ్ళీ నింపింది. డబ్బుకు కటకటలాడి చేయించలేదేమో అని ఇన్నేళ్ళూ మనసులో ఏ మూలో కాస్త జాలి ఉండేది. అదీ ఆ పూట బూడిదైపోయింది.

అసలు సంగతి తర్వాతి ఆదివారం అతనే కక్కాడు. పాత ఇళ్ళు మూడు ఒక్కసారే అమ్మేశాడు. ఇన్నాళ్ళూ అరిగిందని మిగుల్చుకున్నదానికీ, వచ్చిన లాభానికీ కలిపి ఇప్పుడు పన్ను మీద పడుతుంది. తప్పించుకునే దారి ఒక్కటే. అమ్మిన సొమ్ము తన చేతికి రాకుండా మధ్యవర్తి దగ్గరుంచి, గడువులోగా ఏ ఇల్లు కొంటాడో రాసిచ్చి, దాన్నే కొనాలి. అలా చేస్తే పన్ను ఇప్పటికి వాయిదా పడుతుంది.

"ఇలా మార్చుకుంటూ పోతే, నేను పోయాక పిల్లలకు ఆ పన్ను పీడే ఉండదు. బతికుండగా కట్టేవాడు వట్టి వెర్రోడు!" అని పడీపడీ నవ్వాడు. "మూడిళ్ళ పేర్లు రాయొచ్చట. ఎందుకైనా మంచిదని మా అకౌంటెంటు ఒకటే నస. నాకు నీ ఇల్లొక్కటి చాలు. ఏమంటావ్?"

చేయి చాచాడు. ఆ పేటల్లో పెద్దవాళ్ళు వరండాలో చేతులు కలిపారంటే సంతకం పెట్టినట్టే లెక్క. వెర్లీన్ జన్మలో అలా కలిపి వెనక్కి పోయింది లేదు. ఆ చేతిని ఒక్క క్షణం చూసి, తన చేయి అందులో పెట్టింది.

"మీ ఇష్టప్రకారమే కానివ్వండి."

అతను ఆ ఒక్క ఇంటి పేరే రాసిచ్చాడు. ఇంకో పేరు చేర్చుకునే గడువు దాటాక, కొనుగోలు కాగితాలు పట్టుకుని ఈల వేసుకుంటూ వచ్చాడు.

"నేను అమ్మడం లేదండీ" అంది వెర్లీన్ గుమ్మంలోంచే.

"వేళాకోళమా? చేయి కలిపావు కదా!"

"కలిపాను. అమ్మను."

అతను అక్కడికక్కడే ధర పెంచాడు. ఇంకా పెంచాడు. వెర్లీన్ కాస్తా వెర్లీన్ గారైంది. "మీకు పుణ్యముంటుంది వెర్లీన్ గారూ, ఇప్పుడు ఇంకో ఇల్లు కొన్నా చెల్లదు. నిలువునా మునిగిపోతాను" అన్నాడు.

ఆ ధరకు ఆమె బతుకు ఒడ్డున పడేది. అది ఆమెకూ తెలుసు.

"ఒక్క పని చెయ్యండి. మీ ఇంట్లో పెరటి మెట్టు విరిగి, పడి చచ్చిపోయిన ఆవిడ పేరు చెప్పండి. చెప్తే ఇక్కడే, ఈ గుమ్మంలోనే, పాత ధరకే సంతకం పెట్టేస్తా."

హాల్కొంబ్ వేళ్ళు మడుస్తూ తన అద్దె ఇళ్ళు లెక్కపెట్టుకున్నాడు. చివరికి అడిగాడు, "ఏ ఇంట్లోనండీ?"

వెర్లీన్ తలుపు వేసేసింది.

ఆ ఏడు అతను పన్ను మొత్తం కట్టాడు. చేపలు పట్టే పడవ కూడా అమ్ముకున్నాడని విని ఆమె పీచ్ పళ్ళతో తీపి పిండివంట చేసి వీధంతా పంచింది. చర్చిలో మాత్రం, చేయి కలిపి మాట తప్పిందని గుసగుసలు మొదలయ్యాయి. ఒకనాడు ప్రార్థన ముగిశాక పాస్టరు ఆమెను పక్కకు పిలిచాడు.

"పాపం, దెబ్బతిన్నాడమ్మా. కట్టాల్సిందంతా కట్టేశాడు కదా, ఇంక క్షమించెయ్యి తల్లీ."

"కట్టింది గవర్నమెంటుకండీ" అంది వెర్లీన్, చేతిసంచి భుజానికి తగిలించుకుంటూ. "నాకింకా కట్టలేదు."