కోళ్ళ గంప కింద గోదావరి

ఆ రోజుల్లో రాజమండ్రిలో పొద్దున్న లేచి చూసేసరికి పక్కింటికి ఒక అంతస్తు పెరిగి ఉండేది. నిన్నటిదాకా పెంకుటిల్లు ఉన్నచోట డాబా, డాబా మీద ఇంకో డాబా, ఆ పైన రేకుల షెడ్డు, ఆ షెడ్డుకి కూడా ‘టు లెట్’ బోర్డు. తుని నుంచి, జంగారెడ్డిగూడెం నుంచి, ఉప్పాడ నుంచి జనం వచ్చి దిగుతూనే ఉండేవారు. పిల్లల చదువులని కొందరు, ఆసుపత్రులని కొందరు, సముద్రం ఇల్లు మింగేసిందని కొందరు. ఇలా వచ్చేవాళ్ళ మీద అందరికంటే ఎక్కువ విసుక్కునేవాణ్ణి నేను. (నేను తుని దగ్గరి పల్లె నుంచి ఒక ట్రంకు పెట్టె, ఒక చాపతో దిగి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ముందు బస్సులో వచ్చినవాడికి వెనక బస్సులో వచ్చేవాడెప్పుడూ జనాభా సమస్యే.)

ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. జనాభా పెరుగుదల పాఠమంటే నాకు ప్రాణం. “నగరం పెరుగుతోంది, గొట్టం పెరగడం లేదు!” అని బల్ల చరిచి చెబితే పిల్లలు ఉలిక్కిపడేవారు. (అప్పటిదాకా నిద్రపోతూ ఉండేవారు కాబట్టి.) ఆ గొట్టం సంగతి నేను పుస్తకంలో చదివింది కాదు. మా వీధిలో భూమి కింద ఉన్నదే. నాలుగు పెంకుటిళ్ళు ఉన్న కాలంలో వేసిన మంచినీళ్ళ గొట్టం అది. ఇప్పుడు దాని మీద వీధి నిండా డాబాలు, డాబాల నిండా పోర్షన్లు. ఊరి పక్కనే అఖండ గోదావరి. మా కుళాయిలో మాత్రం పొద్దున్న ఆరింటికి కాసేపు ధార, కాసేపు బొట్లు, ఆ తర్వాత ఉత్త గాలి.

నా గది మేడ మీద. కుళాయి కింద, గేటు పక్కన గుంటలో. బిందెలు మోసుకుంటూ మెట్లెక్కడం నా చదువుకి తగిన పని కాదని మొదటి వారంలోనే తేల్చుకున్నాను. మెయిన్ రోడ్డులో పాత సామాన్ల కొట్టుకెళ్ళి ఒక చిన్న మోటారు కొనుక్కొచ్చి, కుళాయికి బిగించి, పైపు మేడ మీద డ్రమ్ములోకి వదిలాను. స్విచ్చి వేయగానే అది గొట్టంలోని నీళ్ళని దాహంగా ఉన్న గేదెలా పీల్చేది. ఇలా కుళాయికి మోటారు పెట్టకూడదని తెలుసు. తెలుసు కాబట్టే దాని మీద ఓనరు బాబాయిగారి పాత కోళ్ళ గంప బోర్లించాను. (కోరుకొండ వైపు పొలం అమ్మి ఈ మేడ కట్టిన మా ఇంటి ఓనరుని అందరం బాబాయిగారనే వాళ్ళం.) ఇక మిగిలింది చప్పుడు. దానికి క్యాసెట్టు ప్లేయరు ఉంది. సరిగ్గా నీళ్ళొచ్చే వేళకి భక్తిగీతాలు పెద్దగా పెట్టేవాణ్ణి.

నాలుగు రోజుల్లోనే వీధిలో నాకు మంచి పేరొచ్చింది.

“కుర్ర వయసులో ఎంత భక్తండీ మీకు!” అంది టిఫిన్ పిన్నిగారు, నా విస్తరాకులో పెసరట్టు వేస్తూ. నేను తల వంచుకుని అల్లప్పచ్చడి నంజుకున్నాను. వినయం అనుకుంది పాపం.

పిన్నిగారి గురించి చెప్పాలి. వీధి చిట్టచివర, గొట్టం కూడా ఆగిపోయేచోట ఆవిడ ఇల్లు. వాకిట్లో రెండు బెంచీలు, ఒక పెనం, ఒక ఇడ్లీ పాత్ర. నాలాంటి ఒంటరిగాళ్ళందరికీ ఆవిడే దిక్కు. ఆదివారం మాత్రం చర్చికి వెళ్ళేది కాబట్టి టిఫిన్ ఉండదు. ఆవిడకి ప్రార్థన, మాకు ఉపవాసం. అటువంటి పిన్నిగారి ఇడ్లీలు ఆ వేసవిలో ముందు ఆలస్యమయ్యాయి, తర్వాత తగ్గాయి, ఆ తర్వాత ఒకరోజు బెంచీలు బోర్లించి ఉన్నాయి.

“నీళ్ళు లేవు బాబూ. పప్పు నానబెట్టుకోడానికి కూడా లేవు. రెండు వీధులవతల బోరు నుంచి క్యాన్లు మోయించుకుంటన్నాను. ఎన్నాళ్ళని? జంగారెడ్డిగూడెంలో మా అన్నయ్య రమ్మంటన్నాడు. వచ్చే వారం వ్యాన్ మాట్టాడేశాను,” అంది.

నా గుండె జారిపోయింది. (నిజం చెప్పాలంటే జారింది గుండె కంటే కొంచెం కిందుండే పొట్ట.) “అంతా ఈ జనం పిన్నిగారూ! ఎక్కణ్ణుంచి వచ్చి పడుతున్నారో! నేను ఊరుకోను, నీళ్ళ ఇంజనీరు గారిని ఇక్కడికి రప్పిస్తాను,” అని అక్కడే ప్రతిజ్ఞ చేశాను. నా అరచేతంత మోటారుకీ, ఆవిడ బోర్లించిన బెంచీకీ సంబంధం ఉందని నా బుర్రకి తట్టలేదంటే నమ్మండి. తట్టబోయిన ప్రతిసారీ ‘అంత చిన్నది ఎంత లాగుతుందిలే’ అని నేనే దాన్ని వెనక్కి పంపేశాను.

అప్పటికే మా వీధిలో భక్తి విపరీతంగా ప్రబలి ఉంది. మొదట మా ఓనరు బాబాయిగారు నా గంప ఎత్తి చూశారు. తిడతారనుకున్నాను. “ఏంటి మాస్టారూ, ఇది ఎంత హెచ్‌పీ అండీ?” అని అడిగి, సాయంత్రానికి అంతకంటే పెద్దది తెచ్చి, వాళ్ళావిడ చేత రేడియో పెట్టించారు. ఎదురింటివాళ్ళు బాబాయిగారి కంటే పెద్దది తెచ్చారు. నెల తిరిగేసరికి పొద్దున్న ఆరింటికి ఒకింట్లో వెంకన్న, పక్కింట్లో అయ్యప్ప, ఆ పక్కన ఏసుప్రభువు, మూలింట్లో ముగ్గురు దేవుళ్ళూ కలిపి. ఎవరి పాట కింద ఎవరి మోటారుందో ఎవరూ అడిగేవారు కాదు. దేవుడి విషయాల్లో మా వీధివాళ్ళకి మర్యాద ఎక్కువ.

నా అర్జీకి జవాబుగా, ఇంజనీరు గారు రేపు పొద్దున్న ఏడింటికి వస్తారని కబురొచ్చింది. మర్నాడు ఆయన వచ్చేలోపల డ్రమ్ము నింపుకుని మోటారు విప్పి దాచేద్దామని ఆరింటికే స్విచ్చి వేసి, పాట పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటున్నాను. పెద్దమనిషి పని మీద ఉన్న ప్రేమ కొద్దీ ఆరుంబావుకే స్కూటరు మీద దిగిపోయారు. పరుగున మెట్లు దిగాను. అప్పటికే పిన్నిగారు, బాబాయిగారు, వీధిలో సగంమంది ఆయన చుట్టూ చేరారు.

“చాలా భక్తి గల వీధండీ మీది,” అన్నారాయన, పాటల హోరులో గొంతు పెంచి.

నేను ఉపన్యాసం ఎత్తుకున్నాను. జనాభా, వలసలు, గొట్టం వ్యాసం అన్నీ వరుసగా వచ్చాయి. “ఈ వచ్చిపడే జనాన్ని ఎవరో ఒకరు ఆపాలండీ! పిన్నిగారి లాంటి పాతకాపులు ఊరొదిలి పోవాల్సి వస్తోంది!” అని చెయ్యెత్తాను.

కరెంటు పోయింది.

వెంకన్న, అయ్యప్ప, ఏసుప్రభువు అందరూ ఒకే అక్షరం మీద ఆగిపోయారు. అలాంటి నిశ్శబ్దం నేను మళ్ళీ వినలేదు. ఆ నిశ్శబ్దంలో వీధి చివర్నుంచి ముందు బుస్సుమని గాలి, తర్వాత ఎండిన బిందెలో ధార పడుతున్న చప్పుడు వినిపించాయి. పిన్నిగారు కొంగు దోపుకుని పరుగెత్తింది. “నీళ్ళండోయ్! నా కుళాయికి నీళ్ళొచ్చాయండోయ్!” వీధంతా ఆవిడ వెనకే వెళ్ళింది. ఆవిడ ఒక బిందె నింపి, రెండోది పెట్టి, ఆనందంతో నా వైపు తిరిగి, “చూశారా మాస్టారూ, మీరు ఇలా నోరెత్తారో లేదో...” అంటుండగా కరెంటు వచ్చింది. దేవుళ్ళందరూ ఆపినచోట అందుకున్నారు. పిన్నిగారి ధార దారమైంది, దారం బొట్టయింది, బొట్టు ఆగింది.

ఇంజనీరు గారు నెమ్మదిగా వెనక్కి నడిచి మా గేటు ముందు ఆగారు. గుంట పక్కన నా కోళ్ళ గంప గజగజ వణుకుతూ తనంతట తాను సిమెంటు గచ్చు మీద జరుగుతోంది.

“కోళ్ళు పెంచుతున్నారా మాస్టారూ?”

“...అవునండీ.”

“బాగా బలమైన కోళ్ళల్లే ఉన్నాయే,” అని ఆయన గంప ఎత్తారు. “జనాభా పెరిగిందన్నారు, ఒప్పుకుంటాను. కొత్త ట్యాంకు, పెద్ద గొట్టం కోసం పైకి రాశాం, వస్తాయి. వచ్చేదాకా ఉన్న నీళ్ళు చివరిదాకా పారాలంటే ఎవరూ పీల్చకూడదు. మా మనుషులొచ్చి విప్పుతారా, మీరే విప్పుకుంటారా?”

పిన్నిగారు నన్నే చూస్తోంది. ఆ క్షణంలో నేను కూడా గంప కిందకి దూరిపోదామనుకున్నాను, ఖాళీ లేదు. “అయితే బాబూ, నా నీళ్ళతో స్నానం చేసొచ్చి నా బెంచీ మీదే కూచుని ఆకలేస్తందనేవాడివా?” అంది. అప్పటిదాకా ‘మీరు’ అన్న మనిషి అలా ‘నువ్వు’లోకి దిగేసరికి నేను మెట్లమీంచి దిగినంత కిందకి దిగాను.

“తప్పయిపోయింది పిన్నిగారూ. వెళ్ళిపోకండి.”

“పోక ఏం చేయమంటావు? రేపు మళ్ళీ గంప బోర్లించవని ఏంటంట నమ్మకం?”

స్క్రూడ్రైవరు తెచ్చి అందరి ముందు మోటారు విప్పేశాను. పైన డ్రమ్ములో నిండిన నీళ్ళు బిందెల్లో దించి ఆవిడ వాకిట్లో పెట్టాను. నీళ్ళు కిందకి మోయడం పైకి మోయడం కంటే బరువని ఆ రోజే తెలిసింది. నా వెనక బాబాయిగారు, “మనది కూడా ఎందుకులెండి,” అని గొణుగుతూ తనది విప్పారు. ఎదురింటివాళ్ళు చుట్టూ చూసి విప్పారు. నమ్మకం సంగతి మూలింటి ముసలాయన తేల్చారు: నీళ్ళొచ్చే గంటలో మా వీధిలో పాటలు నిషిద్ధం. ఎవరింట్లో భక్తి వినిపిస్తే వాళ్ళ గేటు ముందు అందరూ వెళ్ళి నిలబడాలి. (ఆ తర్వాత మా వీధి దైవభక్తి ఏమీ తగ్గలేదు, సాయంత్రానికి మారిందంతే.)

పిన్నిగారు వ్యాన్ వద్దని వెంటనే చెప్పలేదు. వారం చూస్తానంది. ఆ వారం పొద్దున్నే అందరం బిందెలతో గుంటల దగ్గర నిలబడ్డాం. ధార సన్నగానే ఉండేది కానీ చివరి ఇంటిదాకా వెళ్ళేది. మోటార్లున్నప్పుడు ఎవరి తలుపులు వాళ్ళవి, ఇప్పుడు బిందె నిండేదాకా మాట్లాడుకోక తప్పదు. అలా తెలిసింది, రేకుల షెడ్డులో ఉంటున్న ఉప్పాడ నేతగాడి ఇల్లు ఇసకలో కలిసిపోయిందని. మూలింటాయన కూడా ఒకప్పుడు ముమ్మిడివరం నుంచి వచ్చినవాడేనని. “నేను మాత్రం? పెళ్ళయ్యి జంగారెడ్డిగూడెం బస్సు దిగాను. నువ్వు పాతకాపు అన్నావు గానీ, ఈ వీధిలో మొలిచినోళ్ళు ఎవరయ్యా?” అంది పిన్నిగారు. శనివారం బెంచీలు మళ్ళీ లేచి నిలబడ్డాయి. పెసరట్టు వేస్తూ, “రేపట్నుంచి నా బిందెలు నువ్వే పట్టాలి మాస్టారూ,” అంది. కొత్త ట్యాంకు కట్టి, పెద్ద గొట్టం వేసేదాకా పట్టాను. ఉపన్యాసం కంటే బాగా చేసిన పని నా జీవితంలో అదేనేమో.

ఇప్పుడు ఊరు హైవే దాటి అవతలికి పోయింది. నేనూ ఒక అపార్టుమెంటులో అయిదో అంతస్తులో ఉంటున్నాను. మొన్న అసోసియేషను మీటింగులో నీళ్ళు చాలడం లేదన్న మాట రాగానే కొత్తగా చేరినాయన లేచి, “ఈ జనం ఎక్కణ్ణుంచి వచ్చి పడుతున్నారండీ!” అన్నాడు. నాకు నవ్వాగలేదు. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. మీటింగయ్యాక ఆయన్ని మా పాత వీధికి తీసుకెళ్ళి పెసరట్టు తినిపించాను. పిన్నిగారికి ఇప్పుడు చూపు తగ్గింది, పెనం దగ్గర కోడలు నిలబడుతోంది. నా గొంతు వినగానే, “మాస్టారా? కోళ్ళు బావున్నాయా?” అని అడిగింది. బావున్నాయన్నాను. ఇప్పటికీ పొద్దున్నే ఎక్కడైనా భక్తిగీతం గట్టిగా వినిపిస్తే నా చేతులు వెంటనే జోడించుకోవు. చెవి ముందు ఆ పాట కిందికి వెళ్ళి వెతికి, అక్కడ ఏ చప్పుడూ లేదని తేల్చుకుని వచ్చాకే దణ్ణం పెట్టుకుంటాను.