మేనమామ ఒడికి పోటీ

ఆ రోజుల్లో, అంటే మన దేశపు తలుపులు తెరుచుకుని ఫారిన్ సరుకు సందుసందుకూ వచ్చిపడుతున్న కాలంలో, మనిషికి కొత్త వస్తువొకటి దొరికితే బుద్ధి దాని వెనకే పోయేది. ఫోన్లు పట్టుకున్న పిల్లల్ని చూసి తల కొట్టుకునే నా ఈడువాళ్ళు ఈ మాట ఒప్పుకోరు గానీ, మా బుద్ధి మాత్రం నిజంగానే పోయింది. గుడియాత్తంలో లుంగీలు నేసే ఇల్లు మాది. ఒక మగ్గం మీద మా నాయన, ఇంకొకదాని మీద నేను. మా అన్న మాత్రం మగ్గం వదిలేసి వేలూరు బజారులో టేపు రికార్డర్లు బాగుచేసే కొట్టులో చేరాడు. ఆ కొట్టు పక్కనే కాసు వేసి ఆడే వీడియో ఆటల గది ఉండేది. అందులో ఒక ఆట మా అన్నదమ్ములిద్దరికీ పిచ్చి పట్టించింది. పైనుంచి రంగురాళ్ళు ఒకటొకటిగా పడుతుంటాయి. ఒకే రంగువి పక్కపక్కన చేరిస్తే పగిలిపోతాయి. మనం పగలగొట్టినదంతా చెత్తరాళ్ళై ఎదుటివాడి నెత్తిన పడుతుంది. ఎవడి తెర ముందు నిండితే వాడు ఓడినట్టు. (ఎదుటివాడు సొంత అన్నే అయితే ఆ సుఖం చెప్పనలవి కాదు.)

ఒకరోజు అన్న అదే ఆటను రెండు చేతిపెట్టెల్లో ఇంటికి తెచ్చాడు. ఒకటి తను కొన్నది, రెండోది కొట్టు యజమానిని బతిమాలి తెచ్చింది. రెంటి మధ్యా ఒక వైరు తగిలిస్తే చాలు, ఇంట్లోనే యుద్ధం. లోటల్లా ఒకటే. ఆ బుల్లి తెరలో వెలుగూ లేదు, రంగులూ లేవు, అంతా బూడిద చాయలే. అయితేనేం, నేతపనివాళ్ళం కదా, ఒక్కో బూడిదకూ ఒక్కో నూలు రంగు పేరు పెట్టుకున్నాం. ముదురుగా ఉన్నది ఎరుపు, కాస్త వెలిసినట్టున్నది పసుపు. భోజనం దగ్గర కూడా "నీ ఎరుపంతా పగలగొడతా చూడు" అని ఒకరినొకరు బెదిరించుకునేవాళ్ళం.

సరిగ్గా అప్పుడే మా అక్క కొడుక్కి చెవులు కుట్టడానికి పళ్ళికొండ గుడిలో ముహూర్తం పెట్టారు. బిడ్డను మేనమామ ఒడిలో కూచోబెట్టి కుట్టాలి. ఒకసారి ఒడి ఇచ్చినవాడే ఆ బిడ్డకు జన్మంతా పెద్దమామ, పెళ్ళిదాకా ప్రతి మర్యాదా ముందు వాడికే. అన్న పెద్దవాడు కాబట్టి హక్కు తనదే అన్నాడు. అక్క పెళ్ళిలో తోడబుట్టినవాడి మర్యాదలన్నీ నువ్వే మింగావు, ఈసారి నాది అన్నాను నేను. వట్టి పంతం కాదు. నన్ను చంకనేసుకుని పెంచింది మా అక్క. ఆమె బిడ్డంటే నాకు ప్రాణం. ఆ ఒడి నాది కావాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. మా గోల భరించలేక అమ్మ, "ఒక చెవికి వాడు, ఒక చెవికి వీడు కూచోండిరా" అంది. "నా బిడ్డేమన్నా దోసెనా అమ్మా, తుంచి పంచుకునేదానికి?" అని అక్క కస్సుమంది. చివరికి మేమిద్దరం ఎవరికీ చెప్పకుండా ఒక ఒప్పందానికి వచ్చాం. మూడు ఆటల్లో రెండు గెలిచినవాడిదే ఒడి.

ఇంట్లో చెరొక ఆటా గెలిచాం. మిగిలిన ఆఖరి ఆటకు తీరిక దొరకనే లేదు. పళ్ళికొండలో మంగలి మా మేనల్లుడి తల తడుపుతుండగా, "గుండు గీసేలోపల తేల్చేద్దాం రా" అని అన్న నన్ను మండపంలో ఒక స్తంభం వెనక్కి లాక్కుపోయాడు. ఆట మొదలైంది. నా రాళ్ళు గొంతుదాకా వచ్చాయి. అప్పుడు పైనుంచి ఒక రాయి దిగసాగింది. అది ఎరుపైతే నా గుట్టంతా పగిలి అన్న పూడిపోతాడు. పసుపైతే నా పని సరి. సరిగ్గా ఆ క్షణంలో అన్నకు తుమ్ము వచ్చింది. వైరు ఊడింది. రెండు తెరలూ ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి.

"ఎరుపు! నేనే గెలిచినా!"

"యాడి ఎరుపురా? కండ్లు యాడ పెట్టుకోనుండావు? పసుపది. నీ కత అయిపోయింది."

మేము జుట్లు పట్టుకోబోతుండగా నాయన వచ్చాడు. "ఏందిరా ఇది? ఆడ ఆచారి సూది పట్టుకోని కూచుండాడు. లేయండి, లేయండి!"

"ఒక్క నిమిషం నాయనా. ఈ రంగేందో చెప్పు, వచ్చేస్తాము" అన్నాను.

ఇంకేదైనా అడిగి ఉంటే వీపు మోగించేవాడు. కానీ రంగు గురించి అడిగితే మా నాయన ఉన్న పనంతా మరిచిపోతాడు. పెట్టె చేతికి తీసుకుని, ఓరగా పట్టి, కళ్ళు చికిలించి చూశాడు. "నీడలో రంగు చూసేవోడు నేతగాడేనా? ఎండలోకి రాండి" అన్నాడు. (మా ఇంట్లో అద్దకం నుంచి వచ్చిన నూలు ఏదైనా సరే, వీధిలోకి తీసుకుపోయి ఎండలో చూడందే ఒప్పుకునేది లేదు.) ముందు నాయన, వెనక మేమిద్దరం, ప్రాకారం దాటి బయటికి పోయాం. నాయన పెట్టెను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, కండువాతో తుడిచాడు.

"ఇది ఎరుపూ కాదు, పసుపూ కాదు. అద్దకం సరిగా పట్టలే. యా ఊరి సరుకురా ఇది?"

"జపాను నాయనా."

"మనూరోడు ఇట్లా ఇచ్చింటే అప్పుడే తిప్పి పంపించుందును" అన్నాడు నాయన.

అంతలో లోపల మేళం దబదబా మోగింది. దాని మీదుగా మా మేనల్లుడి ఏడుపు. పరుగెత్తుకుంటూ పోయి చూస్తే, మావాడు గుండుతో, ఎవరో బుర్రమీసాల మనిషి ఒడిలో కూచుని రాగం తీస్తున్నాడు. రెండు చెవులూ కుట్టడం అయిపోయింది.

జరిగింది తర్వాత అమ్మ చెప్పింది. మా వైపు నుంచి వచ్చిన మగవాళ్ళం ముగ్గురమే, ముగ్గురమూ మాయం. ముహూర్తం దాటిపోతోందని ఆచారి తొందర. "ఏమ్మా, ఇద్దరు మామలుండారంటివే, ఒక్కడూ కనపడడే?" అని అక్క అత్తగారు అందరిలోనూ దెప్పిందట. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కొత్త లారీకి పూజ చేయించడానికి వచ్చిన డ్రైవరొకాయన అది చూసి, "ఏల ఏడస్తావు చెల్లెలా? మాది పరదరామి. నాకు తోడబుట్టినోళ్ళు లేరు. నిన్ను చెల్లెలా అంటి, ఇంక నీ బిడ్డకు నేను మామనే గదా" అని, చేతిలో నిమ్మకాయలు పక్కన పెట్టి కూచుండిపోయాడట.

అక్క మమ్మల్ని తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఆట అయిపోయిందా అప్పా?" అని నన్ను అడిగి, నాయన చేతిలో పెట్టె చూసి, "నువ్వు గూడానా నాయనా?" అంది. నాయన దాన్ని కండువా కింద దాచుకోబోయాడు.

ఆ మనిషి ఊరికే మాట వరసకు మామై ఆగిపోలేదు. మావాడికి జ్వరమొస్తే లారీ దారి మళ్ళించుకుని వచ్చేవాడు. బడిలో చేర్చిన రోజు వేలు పట్టుకుని నడిపించినవాడూ ఆయనే. అన్నా నేనూ మామలం కాకపోలేదు. వరసలో రెండు, మూడు.

మొన్న మా మేనల్లుడి పెళ్ళి జరిగింది. పురోహితుడు "మేనమామ దండ వేయాల, రాండి" అని పిలిచాడు. పరదరామి బస్సు ఇంకా రాలేదు. అన్న వంటల దగ్గరున్నాడు, దండ నా చేతిలోనే ఉంది. ముహూర్తం దగ్గర పడుతోంది. నా తల నెరిసింది, నిజమే, కానీ లోపల ఇరవై ఏళ్ళవాడొకడు లేచి కూచున్నాడు. ఒక అడుగు ముందుకు కూడా వేశాను. "ఆగు చిన్నమామా, మామ వస్తాండాడు" అన్నాడు పెళ్ళికొడుకు, వీధివైపు చూస్తూ. మా అక్క కూడా వీధివైపే చూస్తోంది. నవ్వొచ్చింది. ఆయన చెమటలు కక్కుతూ, మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చాడు. చేయి పట్టి పందిట్లోకి ఎక్కించి, దండ ఆయన చేతిలో పెట్టాను.

"ఏం అబ్బోడా, ముహూర్తం దాటిపాయనా?"

"యాడ దాటేది అన్నా? నీ కోసరమే కాచుకోని ఉండాము."