సున్నం కింది దున్నపోతు

మా బర్రెల కొట్టం గోడకు సున్నం ఏయించింది నేనే. దాని మీద ఇంట్ల మస్తు లొల్లి అయింది. ఇప్పటికీ చుట్టాలొస్తే మా కొడుకు ఆ సంగతి ముందు చెప్తడు, చాయ్ తర్వాత ఇస్తడు. అందుకే నేనే రాస్తున్న. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటినంక. రాసుడు ఆలస్యమైతది గని, రాసింది కొట్టెయ్యను.

మాది హుస్సేనీ ఆలం, పాల వ్యాపారం. ఇంటెనక కొట్టం, కొట్టానికి వాకిలి దిక్కు పెద్ద గోడ. ఆ గోడ మీద దున్నపోతు బొమ్మ ఉంటది. మెడల గవ్వల పట్టీ, కొమ్ములకు నెమలీకలు, కాళ్లకు గజ్జెలు. దీపావళి అయినంక సదర్ పండుగకు దున్నలను ముస్తాబు చేసి, బ్యాండు పెట్టి బజార్ల తిప్పుతం. ఆ పొద్దు మా దున్న ఎట్ల తయారైతదో బొమ్మ గట్ల ఉంటది. నేను కోడలిగ వచ్చిన ఏడు మా మామ మొదటిసారి గీయించిండు.

మా మనుమరాలు ఆ గోడ ముంగటనే పెరిగింది. డిగ్రీల హిస్టరీ చదివింది. అది అయినంక ఒకరోజు వచ్చి, బొమ్మల చరిత్ర చదువుతందుకు హాలండ్ పోత అన్నది.

"బొమ్మలకు చరిత్రేంది?" అన్నడు మా కొడుకు.

"ఎవరు గీసిండ్రు, ఎవరు గీయించిండ్రు, ఎందుకు గీయించిండ్రు, అవన్నీ ఉంటయి డాడీ."

"మూసీ ఒడ్డుకు గంత పెద్ద మ్యూజియం ఉన్నది. పొద్దుగాల పోయి పొద్దూకినంక వస్తే అయిపాయె. విమానం ఎందుకు?"

"మ్యూజియంల చూస్తరు. ఆడ చదువుతరు."

"చూసినంక చదివేదేముంటది?"

నాకూ అదే డౌటు ఉండె గని అడగలే. ఆ దేశంల ఆవులు బకెట్ల కొద్దీ పాలిస్తయని టీవీల చూసిన. చెడ్డ దేశం కాదనుకున్న.

"బర్రెలున్నయా?" అని మాత్రం అడిగిన.

"లేవు నానమ్మా."

నా దగ్గర ఆ దేశానికి ఇజ్జత్ కొంచెం తగ్గింది.

మా కొడుకు ఒక్క మాట మీద నిలబడ్డడు. ఆ కాలేజీవాళ్లు స్కాలర్‌షిప్ ఇస్తే పంపుత, లేకుంటే ఇక్కడ్నే బీఎడ్. పిల్ల సరే అన్నది. ఆ రోజు నుంచి అన్నం తినేటప్పుడు కూడ చెవుల ఇంగ్లీషు పాఠమే. ఉప్పు తక్కువైందా అని అడిగితే ఇంగ్లీషుల తల ఊపేది.

కాలేజీకి పంపేదాంట్ల మా గోడ గురించి రాసింది. నాకు తెలుగుల చెప్పి వినిపించింది. మా ముత్తాత గీయించిన బొమ్మ మా ఇంటి గోడ మీద ఇప్పటికీ అట్లనే ఉన్నది, దాన్ని చూసే నాకు బొమ్మల మీద పానం పడ్డది, గిట్ల. మంచిగుంది అన్న. అందుల తప్పేం కనవడలే. ఇంట్ల మేమందరం గట్లనే అంటం గద. ఎండకాలంల తీసిన ఫోటో ఒకటి జోడించి పంపింది.

కొన్ని నెలలకు జవాబొచ్చింది. స్కాలర్‌షిప్ కోసం కంప్యూటర్‌ల మాట్లాడుతరట. ఆ గోడ ముంగట కూసొని మాట్లాడు, మేము కూడ చూస్తం అన్నరట. దీపావళి ముందు బేస్తవారం, పగటిపూట.

ఇప్పుడు సున్నం సంగతి. కొట్టం గోడ అంటే ఏడాది పొడుగూత పొగ, పేడ, బర్రె తోక. దీపావళి ముందు సున్నం ఏయకుంటే మనిషి చూడలేడు. ఏటా ఇల్లు, కొట్టం, బొమ్మ గోడ, అంతా ఏయిస్తం. బొమ్మ సున్నం కిందికి పోతది. గోడ ఆరినంక మొఘల్‌పురా నుంచి పెయింటర్ వచ్చి మల్ల గీస్తడు. ఆయన ఇప్పుడు ఫ్లెక్సీల దుకాణంల నౌకరీ చేస్తడు, ఆదివారమే ఖాళీ. ఆదివారం గీయాలంటే అంతకు ముందే సున్నం పడాలె. పండుగ ముందర సున్నం ఏసెటాయన దొరకడు, దొరికినా ఫోన్ ఎత్తడు. గసొంటోడు ఆ బేస్తవారం పొద్దుగాల తనంతట తానే వచ్చి తలుపు కొట్టిండు. పిల్ల లైబ్రరీకి పోయి ఉన్నది. పరాయి దేశపోళ్లు చూస్తమంటే మాసిన గోడ చూపిస్తమా? ఏయ్ అన్న.

బొమ్మ పోతదని నాకు తెల్వదా? తెలుసు. ఏటా పోతది, ఏటా వస్తది.

పగటిపూట పిల్ల వచ్చింది. వాకిట్ల బ్యాగ్ పడేసింది.

"నానమ్మా, ఏం జేసినవ్?"

"సున్నం ఏయించిన."

"ఇయ్యాల్నే ఏయించాల్నా?"

"ఆయన ఇయ్యాల్నే దొరికిండు."

"ఆళ్లు బొమ్మ చూస్తమన్నరు!"

"ఆదివారం చూడుమను."

పిల్ల కుడితి గోలెం పక్కన కూలవడ్డది. మా కొడుకు పెయింటర్‌కు ఫోన్ కొట్టిండు. "మిషన్ మీద ఉన్న భాయ్. అయినా పచ్చి గోడ మీద రంగు నిలుస్తదా?" అన్నడట. నిలవదు. ఆ మాట నన్నడిగినా చెప్తుంటి. మా కొడుకు బీఎడ్ మాట ఎత్తలే. ఎత్తకుంటనే మాకు వినవడ్డది.

పిల్ల పాల క్యాన్ల మీద చెక్క పలక పెట్టి, పలక మీద లాప్‌టాప్ పెట్టి కూసున్నది. నన్ను పక్కకు స్టూల్ మీద కూసోమని, అస్సలు మాట్లాడొద్దన్నది. బర్రెలకు చెప్పలే, అవి మాట్లాడినయి.

తెర మీద ఇద్దరు. తెల్ల వెంట్రుకల మేడమ్ ఒకామె, అద్దాల సారు ఒకాయన. కొంచెం సేపు మంచిగనే నడిచింది. నాకు ఇంగ్లీషు తెల్వది, పిల్ల మెడ చూస్తున్న. మెడ గట్టిగున్నది. తర్వాత లాప్‌టాప్ గోడ దిక్కు తిప్పింది.

ఆళ్ల తెర నిండ తెల్లగోడ. నెట్ పోయిందనుకున్నడేమో, ఆ సారు చెయ్యి ఊపి చూసిండు.

పిల్ల సున్నం సంగతి చెప్పింది. మేడమ్ తెరకు దగ్గరకొచ్చి ఏదో అడిగింది. పిల్ల మెడ వంగింది.

"ఏమంటుందే?" అన్న.

"ఇప్పటికీ అట్లనే ఉన్నదని రాసినవు గద, ఏటా గీస్తే అట్లనే ఎట్లుంటది, అది ఎన్నేండ్ల బొమ్మ అంటుంది." నా దిక్కు తిరిగింది. "నానమ్మా, నువ్వు మొదటిది చూసినవు గద. అప్పటిది, ఇప్పటిది ఒక్కటే గద?"

అవును అను అని పిల్ల కండ్లు చెప్తున్నయి. అంటే పిల్ల పని అయితుండెనేమో. గని మొదటి బొమ్మను నేను నా కండ్లతోటి చూసిన.

"కాదు" అన్న. "మొదటిది కుక్కలెక్క ఉండె. మీ ముత్తాత ఆ పెయింటర్‌ను గల్లీ చివరి దాంక తిట్టుకుంట పోయిండు. తర్వాతాయన కండ్లకు కాటుక పెట్టిండు. మాకు నవ్వొచ్చేది గని మీ తాతకు నచ్చింది, ఆయన ఉన్నన్ని రోజులు కాటుక ఉండె. గవ్వలు ఆయన పోయినంక వచ్చినయి. ఇప్పటాయనకు మూతి మంచిగొస్తది, గిట్టలు రావు. అందుకే కింద గడ్డి గీసి దాస్తడు."

"మరి ఒక్కటే బొమ్మ అంటం గద?"

"అంటం. మా దున్న గద."

పిల్ల గోడను చూసుకుంట కూసున్నది. నేను చెప్పింది ఏం చెప్తదో, ఏం మింగుతదో నాకెట్ల తెలుస్తది? ఆళ్లకూ తెల్వదు. ఆ వాకిట్ల రెండు భాషలు వచ్చింది పిల్లకొక్కదానికే.

మెల్లగ మొదలుపెట్టింది. నేను నేర్చుకున్న ఇంగ్లీషు ముక్కల్ల డాగ్ ఒకటి, పుస్తకంల 'డి' కాడ కుక్క బొమ్మ ఉండె. డాగ్ అన్నది. ఇగ నాకు ఫికర్ పోయింది. కుక్కను చెప్పినదంటే మిగిలినయి కూడ చెప్తది. చేతులతోటి గడ్డి దాంక చూపించింది. సారు నవ్విండు. మేడమ్ నవ్వలే, ఏదో రాసుకున్నది. 'నేను రాసింది తప్పు, మల్ల రాస్త' అని కూడ చెప్పినదట, తర్వాత తెలిసింది.

చివరికి మేడమ్ ఇంకోటి అడిగింది.

"ఆదివారం ఏం గీస్తరు అంటుంది నానమ్మా."

"దున్నను. ఇంకేం గీస్తం?"

ఆదివారం దాంక పిల్ల నాతోటి మాట్లాడలే. పెయింటర్ వచ్చినంక ఆయన ఎనక పడ్డది, ఫోన్ల వీడియో తీసుకుంట.

"గిట్టలు గీయి అన్నా, ఒక్కసారి చూస్త."

"గీయొచ్చు బేటా. మీ నానమ్మ మల్ల కుక్క అంటది."

గడ్డే గీసిండు. పోయినేటి కంటె ఎక్కువ గీసిండు.

తర్వాత జవాబొచ్చింది. సీటు, స్కాలర్‌షిప్ రెండూ ఇచ్చిండ్రు. ఎందుకిచ్చిండ్రో అందుల రాయలే. మా అమ్మ చెడగొట్టింది, మా పిల్ల సంభాళించుకున్నది అని మా కొడుకు చెప్పుకుంటడు. చెప్పుకోనీ. పెట్టె సర్దింది కూడ వాడే.

ఈ దీపావళికి పిల్ల ఆడనే ఉన్నది. సున్నం ఏసే రోజు నాకు చెప్పకుంట ఏయించకు, మా క్లాసుకు చూపియ్యాలె అన్నది. సున్నం ఏసెటాయన వచ్చిండు, మా కొడుకు ఫోన్ పట్టుకొని నిలబడ్డడు. అటు దిక్కు క్లాసు క్లాసంతా కూసున్నది, స్వెటర్లు ఏసుకొని. ముందు కాటుక లేని కండ్లు పోయినయి, తర్వాత గవ్వలు, ఆఖరికి గడ్డి. పని అయిపోయి ఆయన చేతులు కడుక్కుంటున్నడు, వాళ్లు ఇంకా తెల్లగోడనే చూస్తున్నరు.

ఎనక కూసున్న పోరి ఒకామె చెయ్యి ఎత్తి ఏదో అడిగింది.

"ఏమంటుందే?" అన్న.

"ఎప్పుడు ఆరుతదని అడుగుతుంది నానమ్మా."

"ఎండ ఉంటే రేపటికి" అన్న.

పిల్ల ఇంగ్లీషుల చెప్పింది. అందరు రాసుకున్నరు.