లారీకి తలంటిన రోజు

ఆ రోజుల్లో మా జహీరాబాదులో లారీకి దొరికే మర్యాద కొత్త అల్లుడికి కూడా దొరికేది కాదు. బొంబాయి రోడ్డు మీద కొత్త రంగు వేసిన లారీ ఒకటి పోతోందంటే హోటల్లో చాయ్ తాగేవాళ్లు సాసరు కింద పెట్టి మరీ తల తిప్పి చూసేవాళ్లు. అలాంటి లారీ ఒకటి నా చేతిలో ఉండేది. నేను తుడిచానంటే దాని తలుపులో ముఖం చూసుకుని మా వాడకట్టులో సగం మంది గడ్డం గీసుకునేవాళ్లు. (సగం మంది అన్నది కొంచెం ఎక్కువే. నిజానికి ఎవరూ గీసుకోలేదు. ఒక కోడిపుంజు మాత్రం బంపరులో తన నీడ చూసుకుని, ఎవరో పరాయి పుంజు అనుకుని పొడిచింది. ఆ గాటు చాలాకాలం ఉండింది.) ఇంకో మాట. లారీ నా చేతిలో ఉండేది అన్నాను గానీ నాది అనలేదు, గమనించారా? ఆ జాగ్రత్త ఇప్పుడు వచ్చింది. ఇరవై మూడేళ్ల వయసులో ఉండి ఉంటే ఈ కథే లేదు.

లారీ మా మేనమామది. నేను దానికి డ్రైవర్ని. చెరుకు కాలంలో ఒకరోజు చక్కెర ఫ్యాక్టరీ ముందు లైనులో నిలబడ్డాను. నా ముందు న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చిన ఎడ్లబండి. ఆ బండి మీద, చెరుకు మోపు పైన, ఒక పిల్ల కూర్చుని ఉంది. నన్ను చూసి పున్నమి చంద్రుడిలా నవ్వింది. (నవ్వలేదు. చెరుకు నములుతూ పిప్పి ఊసింది. అది నా చెప్పు మీద పడింది. "సూసుకోలే" అంది. నాకు మాత్రం చంద్రుడే కనిపించాడు.) బండి తోలుకొచ్చిన పెద్దాయన ఆమె తండ్రి. ఆయన తూకం చిట్టీ నా చేతికిచ్చి, "గీ తెలుగు నాకు రాదు బిడ్డా, సదువొచ్చిన పిల్లేమో మోపెక్కి కూసున్నది, ఎంత రాసిన్రో జెప్పు" అన్నాడు. చెప్పాను. ఆయన నా పేరడిగి తెలుసుకుని, నన్నూ లారీనీ కిందినుంచి పైదాకా చూశాడు.

"లారీ ఎవరిది?"

"నాదే" అన్నాను.

రెండక్షరాలు. నోట్లోంచి ఎప్పుడు జారాయో నాకే తెలియదు. పైన చెరుకు నమలడం ఆగింది, అదొక్కటీ తెలిసింది.

"రంగంత వెలిసి వాయె గద. పేరు సుత కనవడ్తలేదు" అన్నాడాయన.

"ఏయిస్తున్న పటేలా. ఒక్క నెలాగున్రి. అద్దం లెక్క మెరుస్తది. మీరు దాంట్ల జూసి రుమాలు సుట్టుకోవచ్చు."

"పెండ్లైందా?"

"కాలే."

"అయితె రంగేసినంక మా దిక్కు పట్కరా. అల్లం మూటలు మార్కెట్‌కెయ్యాలె. మా ఇల్లు గూడ జూసినట్లుంటది."

అల్లం మూటలకు లారీ కావాలంటే ఇల్లు చూడనక్కర్లేదు కదా. ఆ మాట అర్థమై, ఆ రోజు నేను చెరుకు బదులు నన్ను నేనే తూకం వేయించుకున్నంత పని చేశాను.

మేనమామ నిజంగానే లారీకి రంగు వేయించాడు. ఆకుపచ్చ క్యాబిన్, పసుపు అంచు, నుదుటి మీద రెండు నెమళ్లు. అంతా బాగుంది, తలుపులు తప్ప. ఒక తలుపు మీద తెలుగులో, రెండో తలుపు మీద ఉర్దూలో (మా దగ్గర అదే రివాజు), జొన్నరొట్టె అంతేసి అక్షరాలతో మేనమామ పేరు, కింద ఓనర్ అని, ఆ కింద జహీరాబాద్ అని. నా అబద్ధానికి రెండు భాషల్లో ఖండన అది. సరే, కిటికీల్లోంచి రెండు తువ్వాళ్లు ఆరేసినట్టు వేలాడదీస్తే చాలనుకున్నాను. మేనమామను వెంట తీసుకుపోతే అసలుకే మోసం కాబట్టి, "మూటలేస్కొని వస్త మామా, నువ్వెందుకు అలసట" అని ప్రేమ ఒలకబోశాను.

"తీస్కపో. గని రంగు మీద గీత వడ్డదనుకో, నీ తోలు దీసి సీటుకు కవరేయిస్త" అన్నాడు మేనమామ. ఆయన ఆశీర్వచనాలు అలాగే ఉండేవి.

పోయే రోజు పొద్దున మా ఇంటి ముందు లారీని పెట్టుకుని మొదలుపెట్టాను. కొత్త రంగును ఎలా చూసుకోవాలో రంగేసిన ఉస్తాద్ ముందే చెప్పాడు. పొడిగుడ్డతో రుద్దకూడదు, దుమ్ములోని ఇసుక గీతలు పెడుతుంది. ముందు నీళ్లు పోసి నాననివ్వాలి. ఒంటి సబ్బు వాడాలి గానీ బట్టల సోడా తగలకూడదు. తారు మరకలకు కిరసనాయిలు తడిపిన పేలిక, అదీ మరక మీదే. ఆరాక పాత నూలు చీర ముక్క మీద రెండు చుక్కలు, రెండంటే రెండే, కొబ్బరినూనె వేసి పైపైన తుడిస్తే రంగు మెరుస్తుంది, నీళ్లు నిలవవు. ఇవన్నీ నేను తు.చ. తప్పకుండా పాటించాను, చివరిది తప్ప. రెండు చుక్కలకే ఇంత మెరిస్తే రెండు శేర్లకు ఎంత మెరవాలి? ఇంట్లో అంత కొబ్బరినూనె లేదు. గానుగ నుంచి తెచ్చిన ఆముదం డబ్బా ఉంది. చిన్నప్పుడు మా అమ్మ నాకు ఒంటినిండా ఆముదమే పట్టించింది, నేను మెరవలేదా? డబ్బా మొత్తం దించాను. నెమళ్లకు పట్టించాను, తలుపులకు పట్టించాను, చక్రాల మీది రేకులకు అరచేత్తో మర్దన చేశాను. మా అమ్మ గడపలో నిలబడి చూసి, "నా మోకాళ్లు గుంజుతున్నయంటె ఒక్కనాడు గిట్ల రాయకపోతివి గదరా" అంది.

ఎండలో లారీ మెరిసిన మెరుపుకు బీదర్ దాకా జనం కళ్లు మూసుకున్నారు. (మా ఇంటి ముందు వరకు మెరిసిన మాట మాత్రం నిజం.)

తారు రోడ్డు ఉన్నంతసేపు నాకూ లారీకీ ఢోకా లేదు. మట్టిబాట మొదలయ్యాక ఎదురుగా ఒక బస్సు వచ్చింది. అది పోయాక ఎర్రదుమ్ము లేచింది. మామూలు లారీ మీద అయితే దుమ్ము వాలి మళ్లీ ఎగిరిపోతుంది. నా లారీ మీద వాలింది వాలినట్టే కాపురం పెట్టింది. ఇంకా ముందుకు పోతే రైతులు కందికట్టెలు బాట మీద పరిచారు, బండ్లు తొక్కితే గింజలు రాలతాయని. నేనూ తొక్కాను. గింజలు వాళ్లకు మిగిలాయి, పొట్టంతా నాకు వచ్చింది. దిగి చూసుకుంటే నెమళ్లు లేవు, పసుపు అంచు లేదు, ఆకుపచ్చ లేదు. గుడ్డతో తుడిస్తే దుమ్ము, నూనె కలిసి ముద్ద అవుతోంది. ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే ఇంకోటి కనబడింది: తలుపుల మీద పేరు కూడా లేదు! రెండు భాషలూ పూడుకుపోయాయి. తువ్వాళ్ల అవసరం కూడా లేకుండా దేవుడే పూత పూశాడు. ఏడుపు ఆపి ఈల వేసుకుంటూ బండెక్కాను.

పెద్దాయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అద్దం లెక్క ఉంటదంటివి. ఇది గొంగడి గప్పుకున్నట్లుందేంది బిడ్డా?"

ఆయన తల్లి, పళ్లు లేని అవ్వ, కర్ర పట్టుకుని వచ్చింది. లారీని వేలితో గీరి, ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఆముదం!" అని అరిచింది. "ఓరి నీ బుద్ది బండగాను, లారీ ఏమన్న పురుడు వోసుకున్నదా?"

"మెరుస్తదని, అవ్వా..."

"మెరుస్తది మెరుస్తది. నూనె వెట్టినోనివి తల వోయద్దా? నూనె జిడ్డు ఉత్త నీళ్లకు వోతదా? ఓ పిల్లా, కుంకుడుకాయలు దంచే!"

నేను వద్దన్నాను. బతిమాలాను. మూటలు ఆలస్యమవుతాయన్నాను. ఎవరూ వినలేదు. గంగాళంలో నీళ్లు కాగాయి, కుంకుడుకాయలు నలిగాయి, బీరపీచులు వచ్చాయి. అవ్వ అరుగు మీద కూర్చుని, "శెవుల యెనక రుద్దున్రి, ఆడనే ఉంటది మట్టి" అని హుకుములు ఇస్తోంది. (లారీకి చెవులంటే పక్కద్దాలు.) పెద్దాయన పంచె ఎగగట్టి అటు పక్క మొదలుపెట్టాడు. ఇటు పక్కకు ఆ పిల్ల వచ్చింది, కొంగు నడుముకు దోపుకుని, చేతిలో పీచుతో. నేను పోయి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను.

"జర జరుగున్రి" అంది.

"తలుపు నేను గడుగుత. నువ్వు చక్రాలు జూడు."

"మీరు గడిగింది జూసినం గద. జరుగున్రి."

ఇంకా నిలబడే వాణ్ణేమో గానీ, అవ్వ చెప్పిందని ఎవరో పైనుంచి చెంబెడు కుంకుడు రసం కుమ్మరించారు. కళ్లలో మంట. కళ్లు పులుముకుంటూ పక్కకు దూకాను. తెరిచేసరికి నురుగు జారుతోంది. కింద జహీరాబాద్ బయటపడింది. తర్వాత ఓనర్. ఆ తర్వాత, కొత్త తెల్ల రంగులో నిగనిగలాడుతూ, మా మేనమామ పేరు. నా పేరు ఆమెకు తెలుసు. చెరుకు లైనులో వాళ్ల నాయన అడిగినప్పుడు చెప్పాను కదా.

ఆమె చేయి ఆగింది. అటు పక్క నుంచి పెద్దాయన గొంతు: "ఏం రాసిందే బిడ్డా తలుపు మీద?"

నా బతుకు ఆ పీచు కింద ఉంది. ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటారే, అలా.

"క్షేమంగ పొయ్యి లాభంగ రమ్మని రాసింది నాయినా" అంది. మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది.

బతికిపోయాను. బతికిపోయినవాడు ఊరుకోవాలి కదా! నాలోని ధర్మరాజు నిద్రలేచి గర్జించాడు. (గర్జించలేదు. పెళ్లిచూపులకు వచ్చి, ఆ పిల్ల చేత కన్నతండ్రికి అబద్ధం చెప్పించాను కదా అని నోరంతా చేదయింది. కుంకుడు రసం కొంచెం మింగడం కూడా కారణం కావచ్చు.) లారీ చుట్టూ తిరిగి పెద్దాయన ముందుకు పోయాను.

"పటేలా, లారీ నాది గాదు. మా మేనమామది. నేను డ్రైవర్ని."

ఆయన చేతిలో పీచు పిండాడు. "మల్ల దీంట్ల నీదేముంది?"

లారీని నెమళ్ల దగ్గర్నుంచి చక్రాల దాకా ఒకసారి చూశాను. "ఆముదం" అన్నాను.

అవ్వ నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చి, నీళ్లు తాగి మళ్లీ నవ్వింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. మూటలు ఎక్కించాడు. లెక్క సరిచూశాడు. "మంచిగ వో. మల్ల జెప్త" అన్నాడు. ఆ పిల్ల బయటికి రాలేదు. పోయేటప్పుడు లారీ నిజంగానే అద్దంలా ఉంది, రంగుకు ఒక్క గీత కూడా లేదు. అందులో నా ముఖం చూసుకోవాలని అనిపించలేదు.

ఎనిమిది రోజులు అన్నం సయించలేదు. (రొట్టెలు తిన్నాను.) తొమ్మిదో రోజు పెద్దాయన బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ మా మేనమామ ఇంటికే వచ్చాడు. చాయ్ వచ్చేలోపల అంతా చెప్పేశాడు, నాదే అన్న దగ్గర్నుంచి ఆముదం దాకా. మేనమామ నన్ను చూసిన చూపుకు సీటు కవరు గుర్తొచ్చింది.

"నా లారీ నీదెప్పుడైందిరా?" అన్నాడు.

"జర ఆగున్రి" అన్నాడు పెద్దాయన. "వీనికి నేను మట్టిపిసుక్కునేటోన్ని, సదువు రాదనుకున్నడు. తెలుగు రాదు, నిజమే. గని నేను నిజాం జమానల ఉర్దూల ఏడు జమాతులు సదివిన. అటు తలుపు నేనే గడిగిన. పేరు సదివినంకనే మా బిడ్డను అడిగిన, ఏం రాసిందే అని."

నేను గోడకు ఆనుకున్నాను.

"మా బిడ్డ పుట్టిన కాన్నుంచి నాతోని అబద్ధమాడలే. ఆ దినమే ఆడింది. ఎందుకాడినవే అని వారం సంది అడుగుతున్న, నోరిప్పుతలేదు. తలకాయ ఒంచుకొని రొట్టెలు జేస్తది." ఆయన చాయ్ ఊదుకుని తాగాడు. "వీడన్న ఒప్పుకున్నడు. అది ఒప్పుకుంటలేదు. ఇగ లగ్గం వెట్టుకోక నేనేం జెయ్యాలె?"

మేనమామ మీసం సరిచేసుకుని, "ఊరేగింపు లారీల్నే తీద్దాం. నాదే, ఫికర్ లేదు" అన్నాడు. ఆ 'నాదే' మాత్రం కొంచెం గట్టిగా అన్నాడు.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు ఆమెను అడిగాను, ఆ రోజు నా కోసం అబద్ధం ఎందుకు చెప్పావని.

"అబద్ధమెక్కడిది? కండ్లల్ల కుంకుడు రసం వడ్డది. అక్షరాలే కనవడలే" అంది.

"మరి క్షేమంగ, లాభంగ అని ఎట్ల సదివినవ్?"

"అన్ని లారీల మీద అదే ఉంటది గద!"

ఇన్నేళ్లలో ఇంకో జవాబు రాలేదు. నాకు సొంత లారీ కూడా రాలేదు. ఏది అడిగినా ఆమె అలాగే తిప్పికొట్టేది. పోయిన ఏడు ఆమె కళ్లకు ఆపరేషన్ అయింది. చిన్న అక్షరాలు ఆనవంటుంది. కాబట్టి పొద్దున్నే పేపరు నేను పైకి చదువుతాను. అల్లం ధర పడిపోతే రెండు మెట్లు ఎక్కించి చదువుతాను. వాళ్ల ఊరి వైపు వాన లేదని ఉంటే, ఒక జల్లు కురిపిస్తాను. ఆమె కళ్లు మూసుకుని, "అట్లనా, మంచిదే" అంటుంది. నేను స్నానానికి పోగానే అద్దాలు పెట్టుకుని అదే పేపరు మొదటినుంచి చివరిదాకా చదువుకుంటుందని ఈమధ్యే మా కోడలు నా చెవిన వేసింది. ఆ రాత్రి ఈ డెబ్బై ఏళ్ల మొహానికి కాస్త సిగ్గేసింది. మర్నాడు ఉన్నది ఉన్నట్టు చదివేద్దామని గట్టిగా అనుకున్నాను. తెల్లవారింది. ఆమె చాయ్ గ్లాసుతో పాటు పేపరు తెచ్చి నా ఒళ్లో పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, కళ్లు మూసుకుంది. నేను గొంతు సవరించుకుని, "న్యాల్‌కల్ దిక్కు మంచి వాన వడ్డదట" అని మొదలుపెట్టాను.