మా అత్త కొలిచిన సైకిల్

నా చిన్నప్పుడు, జాకెట్ ఎలా మనిషి కొలతకు కుడతామో సైకిల్‌ను కూడా అలాగే మనిషి కొలతకు సరిచేయాలని నమ్మిన మనిషి మా ఇంట్లో ఉండేది. ఆమె మా మేనత్త. నర్మెట్ట దగ్గర మా ఊరు. అత్త కుట్టుమిషన్ చప్పుడుతోనే మాకు తెల్లవారేది. పసితనంలో వచ్చిన జ్వరానికి నా ఎడమకాలు సన్నబడి, కుడికాలి కన్నా పొట్టిగా ఉండిపోయింది. బడి పక్క ఊళ్లో. అంత దూరం నడవలేను కాబట్టి అత్తే నాకు పంతులమ్మ అయింది. నల్ల జాకెట్ గుడ్డ మీద దర్జీ సుద్దతో అక్షరాలు రాసి దిద్దించేది. పాఠం కాగానే గుడ్డ దులిపి, దాన్నే కత్తిరించి కుట్టేది. మా ఊరి ఆడవాళ్లు ఎంతమంది నా ఓనమాలను తొడుక్కుని తిరిగారో ఆ దేవుడికే తెలియాలి.

అందువల్ల చదువుకు నాకు లోటు లేదు. నా మనసులో ఉన్న వెలితి బతుకమ్మ పూలది. తెల్లవారక ముందే ఆడపిల్లలంతా గుట్ట వైపు వెళ్లి తంగేడు, గునుగు తెంపుకొచ్చేవారు. నేను గడప మీద కూర్చుని ఎదురుచూసేదాన్ని. వచ్చాక తలా ఒక దోసిలి నా పళ్లెంలో పోసేవారు. ఆ దోసిళ్లకు ఈనాటికీ నేను రుణపడి ఉన్నాను. కానీ వాటితో పేర్చిన బతుకమ్మ ముందు నిలబడితే, ఎవరో వండిన అన్నాన్ని నేను నైవేద్యం పెట్టినట్టుండేది. నా చేత్తో తెంపిన పువ్వు ఒక్కటైనా గౌరమ్మకు పెట్టాలని ఒక ఏడు అత్తతో అన్నాను. ఆమె పళ్ల మధ్య పట్టుకున్న గుండుసూదులను ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టింది.

"నడువరాకుంటే తొక్కు," అంది. అంతే. మళ్లీ మిషన్ తిప్పింది.

ఇక ఆమె ఆగలేదు. బాపు, అంటే మా నాన్న, మోపెడ్ కొన్నాక ఆయన పాత సైకిల్ కొట్టంలో దుమ్ము పట్టి పడి ఉంది. దాన్ని ఎడ్లబండిలో వేయించి, నన్ను వెంటబెట్టుకుని నర్మెట్టలోని సైకిల్ షాపుకు తీసుకుపోయింది. ముందున్న అడ్డ కడ్డీని నేను దాటలేను. షాపాయన దగ్గర ఆడవాళ్ల సైకిల్ చట్రం ఒకటి ఉంటే, దానికి బాపు సైకిల్ చక్రాలు వేశాడు. ఇంకెక్కడిదో తిన్నటి హ్యాండిల్ బిగించాడు. ఇన్ని సైకిళ్ల అంశ ఉన్న సైకిల్ మా మండలంలో మరొకటి ఉండి ఉండదు. తర్వాత సీటు పూర్తిగా కిందికి దించి నన్ను కూర్చోబెట్టి, "అయిపాయె అక్కా, కాళ్లు నేలకు అందుతున్నయ్. ఇగ కిందవడదు," అన్నాడు.

అత్తకు నచ్చలేదు. ఆ ఎత్తులో నా కుడి మోకాలు గడ్డానికి తగులుతోంది. సైకిల్‌ను స్టాండు మీద నిలబెట్టించి, తన కొంగు తీసి నా కళ్లకు కట్టింది.

"చేతులు సాపు బిడ్డా. చాట వట్టుకున్నట్టు వట్టుకో. గట్టిగ బిగవట్టకు. నీకు ఎక్కడ సుఖమైతే అక్కడ ఆపు."

నేను గాలిలో చేతులు చాపాను. నా చేతులు ఆగిన చోటికి హ్యాండిల్‌ను రమ్మంది ఆమె. షాపాయన నవ్వాడు.

"గిది జాకిట్ గాదక్కా, సైకిలు."

"జాకిట్ ఐతేంది, సైకిల్ ఐతేంది తమ్మీ? లోపలుండేది మనిషే గద! నువ్వు పానా వట్టు."

హ్యాండిల్ పైకి వచ్చింది. నా మెడ, నడుము రెండూ ఒకేసారి ఊపిరి తీసుకున్నట్టయింది. సీటు కూడా పైకి వచ్చింది, కుడి మడమ పెడల్ మీద పెడితే కాలు హాయిగా చాచుకునేంత. కానీ అప్పుడు ఎడమ పాదానికి పెడల్ అందలేదు. సీటు దించక తప్పదన్నాడు షాపాయన.

"ఒక చెయ్యి పొట్టిగుంటే జాకిట్ మొత్తం పొట్టిగ కుడ్తనా? ఆ ఒక్క చెయ్యినే సరిజేస్త. మంచి కాలు ఏం పాపం జేసింది? దాన్నెందుకు ముడుస్తవ్?" అంది అత్త.

మా ఊరి వడ్లాయనతో ఒక వేపచెక్క దిమ్మ చేయించి, ఎడమ పెడల్ మీద బోల్టులతో బిగించారు. పాదం జారకుండా పాత ట్యూబు రబ్బరు పైన పరిచారు. వాకిట్లో దాన్ని మొదటిసారి తొక్కినప్పుడు, నా రెండు కాళ్లూ ఒకే పొడవని కాసేపు నిజంగా నమ్మాను.

ఇక సింగారం మిగిలింది. అది నా ఇష్టానికే వదిలింది అత్త. చక్రాల పుల్లలకు రంగురంగుల పూసలు గుచ్చుకున్నాను. జాకెట్ ముక్కలతో సీటుకు తొడుగు, హ్యాండిల్ చివర్లకు కుచ్చులు ఆమే కుట్టిచ్చింది. "కొత్త కోడలుకు గూడ గిన్ని సొమ్ములు వెట్టరు," అని నవ్వింది. సైకిల్ మెరిసిపోయింది. ఆ మెరుపులో చెక్క దిమ్మ ఒక్కటే బోసిగా, నా కాలి సంగతి అందరికీ చాటుతున్నట్టు కనిపించింది. దాన్ని కూడా కప్పమన్నాను. అత్త దిమ్మ వైపు చూసి, "దాని పని దాన్ని చేస్కోనియ్యి," అని ఊరుకుంది.

నేను ఊరుకోలేదు. సద్దుల బతుకమ్మ నాటి పొద్దున్నే జరీ అంచున్న పట్టుముక్క ఒకటి తీసి దిమ్మకు చుట్టి ముడివేశాను. పిల్లలతో పాటు బయలుదేరాను. వాళ్లు పరుగెత్తుతుంటే నేను వాళ్ల ముందుండటం అదే మొదలు. గుట్ట దారిలో ఎత్తు మొదలైంది. ఎడమకాలితో గట్టిగా తొక్కాను. పట్టు మీద పాదం సర్రున జారింది. సైకిల్ ఒక పక్క, నేను ఒక పక్క.

పిల్లలు చుట్టూ మూగారు. పక్కింటి అక్క నన్ను లేపి, సైకిల్ వైపు చూసి నోరు తెరిచింది.

"ఏందే, పెడల్‌కు పట్టుచీర గట్టినవా? పెండ్లేమన్న ఉన్నదా దానికి?"

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. ఇంటికి వెనక్కి వెళితే మళ్లీ గడపే, మళ్లీ దోసిళ్లే. తంగేడు పొదలు అక్కడికే కనిపిస్తున్నాయి. అమ్మవారిని తలుచుకున్నాను. అందరూ చూస్తుండగానే ముడి విప్పి పట్టుముక్కను నడుముకు దోపుకున్నాను. బోసి చెక్క మీద పాదం పెట్టాను. రబ్బరు నా పాదాన్ని అమ్మ చెయ్యిలా పట్టుకుంది. గుట్ట కింది వరకు ఎక్కడా దిగలేదు. ఆ సాయంత్రం నేను పేర్చిన బతుకమ్మలో ప్రతి పువ్వూ నేను తెంపిందే.

ఇంటికి రాగానే అత్త నా మోచేతి గీతలు, నడుముకున్న పట్టుముక్క చూసింది, అంతే. దసరా నాడు మా ఇంట్లో పనిముట్లన్నీ కడిగి వాకిట్లో వరుసగా పెట్టారు. నాగలి, కొడవళ్లు, అత్త కత్తెర, మిషన్, బాపు మోపెడ్, చివరన నా సైకిల్. బొట్లు పెట్టే పని అత్తది. హ్యాండిల్‌కో ముందు చక్రానికో పెడుతుందని అందరం చూస్తున్నాం. ఆమె నేల మీద కూర్చుని, చెక్క దిమ్మకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఒక తంగేడు పువ్వు ఉంచి దండం పెట్టుకుంది. తర్వాతే మిగతా సైకిల్‌కు పెట్టింది.

"మోసేదానికి ముందు మొక్కాలె బిడ్డా," అంది నా వైపు తిరిగి.

ఆ తర్వాత ఆ దిమ్మను దాచాలన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు.

ఇప్పుడు జనగామలో బిడ్డ ఇంట్లో ఉంటున్నాను. మొన్నీమధ్య నా మనవరాలు ఒక హైబ్రిడ్ సైకిల్ కొనిపించుకుంది. మా కాలంలో హైబ్రిడ్ అంటే మక్కజొన్న విత్తనాలే. రోడ్డు మీద ఉరికే సైకిల్‌ది కొంత, గుట్టలెక్కే సైకిల్‌ది కొంత కలిపి చేశారని తను విడమరిచి చెప్పింది. అలాంటిది నేను ఎప్పుడో తొక్కానంటే నమ్మలేదు. వారం తిరగకుండానే ఆ సైకిల్ గోడకు చేరింది. మణికట్లు తిమ్మిరెక్కుతున్నాయట, మెడ పట్టేస్తోందట. హ్యాండిల్ ఎత్తించుకోమంటే మొహం ముడుచుకుంది.

"ఎత్తితే ముసలోళ్ల సైకిల్ లెక్క కొడ్తది అమ్మమ్మా. దోస్తులు నవ్వుతరు."

దాన్ని సైకిల్ మీద కూర్చోబెట్టి, వెనక చక్రం దాని అన్నతో పట్టించి, నా కొంగు తీసి దాని కళ్లకు కట్టాను. చేతులు చాపమన్నాను. ఆ చేతులు హ్యాండిల్‌కు బెత్తెడు పైన, కాస్త ఇవతల ఆగాయి. కట్టు విప్పాక అది తన చేతులనే వింతగా చూసుకుంది. సాయంత్రం షాపుకు వెళ్లి హ్యాండిల్ కింద ఎత్తు ముక్క వేయించుకుంది, సీటు కాస్త ముందుకు జరిపించుకుంది. ఆ తర్వాత తనకు నచ్చిన ఆకుపచ్చ పిడులు, ఇత్తడి గంట పెట్టించుకుంది. ఇప్పుడు కాలేజీకి దాని మీదే వెళ్తోంది.

ఈ దసరాకు బొట్లు పెట్టే పని మనవరాలికే ఇచ్చాను. ఏమీ చెప్పలేదు, కుంకుమ భరిణె మాత్రం చేతికిచ్చాను. గంట తళతళలాడుతోంది, అయినా దాని వేలు గంట వైపు పోలేదు. హ్యాండిల్ కింద కనీకనపడకుండా ఉన్న ఆ ఎత్తు ముక్కను వెతుక్కుంటూ వెళ్లింది.

అత్త ఏనాడో వెళ్లిపోయింది. ఆ వేపచెక్క దిమ్మ మా దేవుని అర్రలో, దీపం పక్కన ఉంది. రోజూ పొద్దున్నే దేవుడికి దండం పెట్టి, నన్ను ఇంతదూరం మోసినవాళ్లను ఒక్కొక్కరినే తలుచుకుంటాను. ఆ వరుస మా అత్తతోనే మొదలవుతుంది.