కొరికే నీళ్ళు

మా బాబాయి దేన్నీ ముందుగా అరచేత్తో ముట్టుకోడు. తలుపు గడియైనా, పసిపిల్ల బుగ్గైనా, మొదట చేతి వెనకవైపు ఆనించి, ఆ తర్వాతే పట్టుకుంటాడు. కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగంలో ఉండగా, ఆయన తోటివాడు తీగను గుప్పిట పట్టి వదలలేకపోయాడట. కరెంటు తగిలితే వేళ్ళు ముడుచుకుంటాయి. అరచెయ్యి తీగకు అతుక్కుపోతుంది, వెనకచెయ్యి విడిపోతుంది.

"పిన్నిని కూడా ముందు అలాగే పరీక్షించారా?" అని మా ఆయన ఏడిపిస్తాడు.

"పరీక్షించి ఉంటే అప్పుడే పారిపోయేవాడు," అంటుంది పిన్ని.

ఒకరోజు పొద్దున్నే స్నానాలగదిలోంచి మా చిట్టి కెవ్వుమంది. కుళాయి వైపు చూపించి, "అమ్మా, నీళ్ళు కొరికాయి," అంది. నేను ముట్టుకుంటే ఏమీ లేదు. మర్నాడు మళ్ళీ కొరికాయి. ఆ తర్వాత పిల్ల ఆ గది గడప దాటలేదు.

మెకానిక్ వచ్చి గీజరు విప్పి చూసి, "బంగారంలా ఉందమ్మా," అని మళ్ళీ బిగించి వెళ్ళాడు.

"నీకు తాడు కనిపిస్తే చాలు, పామే," అన్నాడు మా ఆయన.

నేను గీజరు ఆపేశాను. ఇంటి మెయిన్ స్విచ్ కూడా దించేశాను. అప్పుడు కుళాయికి టెస్టరు ఆనించాను. వెలిగింది. చదివింది భౌతికశాస్త్రమే అయినా, కరెంటు లేని ఇంట్లో వెలిగే కుళాయి ముందు నాకు ఒళ్ళు జలదరించింది. బాబాయికి ఫోన్ చేశాను.

ఆయన వస్తూనే వెనకచెయ్యి కుళాయికి తాకించి చటుక్కున తీసేశాడు. ఇనప గొట్టం వెంట చూపు సాగించి, అది పక్కింట్లోకి దూరే చోట గోడకు చెవి ఆనించాడు. నన్నూ వినమన్నాడు. సన్నగా ఏదో మరుగుతున్న చప్పుడు.

"పక్కింట్లో ఎవరుంటున్నారే?"

"ఎవరూ లేరు బాబాయీ. లెక్కల మాస్టారు ఒక్కరే ఉండేవారు. వానాకాలంలో పోయారు. అప్పట్నుంచీ తాళమే."

"మరి నీళ్ళెవరికి కాగుతున్నాయి?"

మెట్ల కింద మీటర్ల బోర్డు ఉంది. తాళం వేసిన ఇంటి మీటరులో చక్రం నిదానంగా తిరుగుతోంది. మేం చూస్తుండగానే ఆగిపోయింది. పైకి పరుగెత్తి టెస్టరు పెట్టాను. వెలగలేదు. నీళ్ళు కాగాక ఆ గీజరు తానే ఆగుతుంది, చల్లారితే తానే మొదలవుతుంది. మెకానిక్ వచ్చినప్పుడు ఆగి ఉందన్నమాట. బాబాయి ఆ ఇంటి ఫ్యూజు పీకేశాడు.

సాయంత్రం ఇంటి యజమాని తాళంచెవి తెచ్చాడు. మాస్టారి గీజరు నుంచి ఒక రాగితీగ దిగి ఇనప గొట్టానికి చుట్టుకుని ఉంది.

"ఎర్తు కోసం ఆయనే కట్టుకున్నాడు, పాపం," అన్నాడు బాబాయి.

అప్పుడు నాకు తట్టింది. "మొన్న కింద పాత గొట్టం తీసేసి ప్లాస్టిక్‌ది వేశారు. ఇక ఈ గీజరులోంచి కారే కరెంటు నేలలోకి దిగే దారేది? మా కుళాయికి వచ్చింది."

"అదీ సంగతి."

గీజరు కింద బకెట్, దాని మీద బోర్లించిన మగ్గు. కొక్కేనికి మడతపెట్టిన తువ్వాలు. స్నానానికని స్విచ్ వేసి మాస్టారు అవతలి గదిలో కూలిపోయారు. ఆయన్ని మోసుకెళ్ళిన వాళ్ళకి స్విచ్ గుర్తురాలేదు. అప్పట్నుంచీ గీజరు ఆయన కోసం నీళ్ళు కాస్తూనే ఉంది.

బాబాయి కుళాయి తిప్పాడు. పొగలు కక్కుతూ నీళ్ళు వచ్చాయి. అద్దం మసకబారింది. చల్లటి నీళ్ళు వచ్చేదాకా ఆయన కట్టలేదు.

"ఇక చాలు," అన్నాడు, గీజరుతో అన్నట్టే.

ఆ రాత్రికి బాబాయి మా ఇంట్లోనే ఉండిపోయాడు. పొద్దున్న నేను టెస్టరుతో చూసి, "కొరకవమ్మా, రా," అన్నాను. చిట్టి గడప దగ్గరే నిలబడింది. బాబాయి వెళ్ళి వెనకచెయ్యి కుళాయికి ఆనించి, అలాగే ఉంచాడు. పిల్ల ఆయన్నే చూసింది. మెల్లగా వచ్చి, తన చెయ్యీ తిప్పి, చిన్న వేళ్ళ వెనకవైపు కుళాయికి తాకించింది.

"కొరకలేదు," అంది.

నీళ్ళు పోయించుకుంది. తువ్వాలు చుట్టి ఎత్తుకున్నాను. చిట్టి వెనకచెయ్యి నా బుగ్గకు ఆనించి, ఒక్క క్షణం ఆగి చూసింది. ఆ తర్వాతే అరచెయ్యి పెట్టింది.